గాలి కూడా అమానతే



రమజాన్ మాసం మార్చి నెలలో వచ్చిన ఒక సంవత్సరం జరిగిన సంగతి ఇది. తరావీహ్ నమాజు ముగించుకొని మస్జిదు మెట్లు దిగుతున్నాము. కార్వేటినగరం చుట్టూ ఉన్న కొండల్లో ఒకదాని మీద, సగం ఎత్తున, ఎర్రని గీత ఒకటి వంకరలు తిరుగుతూ కదలడం కనిపించింది. ఎండిన బోదగడ్డి అంటుకొన్నది. గాలి ఊరివైపే వీస్తున్నందున కాసేపటికే పొగవాసన మస్జిదు ఆవరణలోకి వచ్చింది. వృద్ధులు దగ్గసాగారు. పిల్లలు మెట్ల మీదనే నిలిచిపోయి వింతగా చూడసాగారు.

“మేపేవాళ్లే పెట్టుంటారు, కొత్త గడ్డి మొలుస్తాదని” అన్నారొకరు. “అసర్ వేళ ఆ పిల్లోడు గొర్రెలు తోలుకొని కొండ దిగతావుంటే నేను చూసినా” అన్నారు మరొకరు. అంతవరకు అన్నది అంతే. కాని సహరీ వేళకు ఆ ‘చూసినా’ అన్న మాట ‘వాడే పెట్టినాడు’ అయి కూర్చున్నది. తెల్లవారేసరికి ఊరంతటికీ అతని పేరు తెలిసిపోయింది.

అతడు తండ్రి లేని కుర్రవాడు. ముగ్గురు యజమానుల గొర్రెలను కూలికి మేపి తల్లిని పోషిస్తున్నాడు. రెండు రోజులు గడవకముందే ముగ్గురూ గొర్రెలను తమ ఇళ్లకు తోలుకొనిపోయారు. మూడవనాడు అతని తల్లి మదర్సా వాకిట నిలబడింది. “హజ్రత్, మీరు కూడా అట్లే అన్నారంట గదా” అని మాత్రం అడిగింది.

నేను అతని పేరు ఎత్తలేదు. నిజమే. కాని ఫజర్ తరువాత విద్యార్థుల ఎదుట, “ఈ కాలపు కుర్రవాళ్లకు దైవభీతి లేకుండా పోయింది, కొండనే తగులబెడుతున్నారు” అని అన్నమాట కూడా నిజమే. పేరు చెప్పకుండానే నేను సాక్ష్యం చెప్పినట్లయింది. మదర్సా ఉస్తాదు అన్నాడంటే ఊరికి ఇంకేమి కావాలి? ఆ తల్లికి నేనిచ్చిన సమాధానం ఏమీ లేదు. తల వంచుకొని నిలబడ్డాను.

హుజురాత్ సూరా ఆరవ ఆయతును నేను ఎన్ని సంవత్సరాలుగా బోధిస్తున్నానో లెక్కలేదు. ఎవరైనా ఒక వార్త తెచ్చినప్పుడు దానిని విచారించి తెలుసుకోవలసిందని, లేకుంటే తెలియక ఒక వర్గానికి హాని తలపెట్టి తరువాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని అందులోని హెచ్చరిక సారాంశం. ఆ రోజు ఆ పశ్చాత్తాపం అంటే ఏమిటో నాకు అర్థమైంది.

చుక్కల వరుస

పండుగకు ఒక పూర్వ విద్యార్థి ఊరికి వచ్చాడు. హైదరాబాదులో భూపటాలకు సంబంధించిన ఉద్యోగం చేస్తున్నాడు. సలాము చెప్పి కూర్చొన్నాక కొండ సంగతి వచ్చింది. అతడు తన ఫోనులో ఒక పటం తెరిచాడు. మన కొండలు, చెరువులు, పుత్తూరు వైపు పోయే దారి అన్నీ అందులో ఉన్నాయి. వాటి మీద ఎర్రని చుక్కలు.

“ఇవి ఉపగ్రహం పసిగట్టిన మంటలు, హజ్రత్. మన ఊళ్లో మంట కనిపించింది మంగళవారం రాత్రి గదా? సోమవారం మధ్యాహ్నం చుక్క చూడండి” అన్నాడు.

ఆ చుక్క కొండకు అవతలి వాలులో ఉన్నది. ఆ రాత్రి ఒంటిగంట దాటాక మరికొన్ని చుక్కలు శిఖరానికి దగ్గరగా వచ్చాయి. మంగళవారం మధ్యాహ్నానికి అవి శిఖరం మీదికి చేరాయి. ఆ సాయంత్రం గొర్రెల కుర్రవాడు ఇవతలి వాలున కొండ దిగేనాటికి, మంట పుట్టి కనీసం ఒక పగలు, ఒక రాత్రి గడిచిపోయాయి. అది అవతలి నుంచి ఎక్కి వచ్చి మనకు కనిపించింది.

“అయితే అవతల నిప్పు పెట్టినది ఎవరు?” అని అడిగాను.

“అది ఈ చుక్క చెప్పదు, హజ్రత్. ఎక్కడ వేడి ఉన్నదో, ఎప్పుడు ఉన్నదో చెబుతుంది. ఎవరి చేయి అన్నది చెప్పదు” అన్నాడు.

నా శిష్యుడు నాకు ఆ రోజు రెండు పాఠాలు చెప్పాడు. తెలిసినది ఎంతవరకో చెప్పడం ఒకటి. తెలియని చోట ఆగిపోవడం రెండవది. ఆ రెండవ పాఠం హదీసు శాస్త్రం చదివినవారికి కొత్తది కాదు. ఉల్లేఖకుడు ఎవరు, అతడు స్వయంగా విన్నాడా, ఆ కాలంలో ఆ ఊళ్లో ఉన్నాడా అని అడగనిదే మన ఇమాములు ఒక్క వాక్యాన్ని కూడా స్వీకరించలేదు. అంతటి విద్యకు వారసులమైన మనం, కొండ మీద మంట విషయంలో మెట్ల మీది మాటను స్వీకరించాము.

ఆకాశంలోని కన్ను దేనిని చూస్తుంది?

పాఠకులలో చాలామందికి ఈ పని ఎట్లా జరుగుతుందో తెలుసుకోవాలని ఉంటుంది. పెనం వేడెక్కిందో లేదో తెలుసుకోవడానికి మన ఇంటి ఆడవారు దాని మీద కాస్త ఎత్తున అరచేతిని ఉంచి చూస్తారు. పెనం ఎర్రబడనక్కరలేదు. దాని నుంచి వచ్చే వేడి కంటికి కనిపించని కిరణాలుగా చేతికి తగులుతుంది. వాటినే పరారుణ కిరణాలు అంటారు. మామూలు నేల నుంచి వచ్చే ఈ కిరణాల తరంగాలు కొంత పొడవుగా ఉంటాయి. మంట నుంచి వచ్చేవి పొట్టిగా, మిక్కిలి తీవ్రంగా ఉంటాయి. ఉపగ్రహంలోని పరికరం ఈ రెండింటినీ పోల్చి, చుట్టుపక్కల నేలకంటె అసాధారణంగా వేడెక్కిన చోటును గుర్తిస్తుంది.

అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1999 డిసెంబరులో టెర్రా అనే ఉపగ్రహాన్ని, 2002 మే నెలలో ఆక్వా అనే ఉపగ్రహాన్ని పంపింది. వాటిలోని మోడిస్ అనే పరికరం భూమిని 36 రకాల కాంతులలో చూస్తుంది. తరువాత 2011లో సువోమి ఎన్‌పీపీ అనే ఉపగ్రహం వచ్చింది. అందులోని విర్స్ అనే పరికరం మంటలను 375 మీటర్ల గడులుగా విభజించి చూపుతుంది. అటువంటి పరికరమే 2017లోను, 2022లోను పంపిన మరి రెండు ఉపగ్రహాలలో ఉన్నది. ఇవి మనమీదుగా పగలు ఒంటిగంటన్నర ప్రాంతాన, రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతాన సాగిపోతాయి. నా శిష్యుడు చూపిన చుక్కలు మధ్యాహ్నం, అర్ధరాత్రి దాటాక అన్నట్లు విడివిడిగా ఉండడానికి కారణం ఇదే.

మన దేశానికి కూడా ఈ విద్యలో పేరున్నది. జాతీయ దూరసంవేదన కేంద్రం హైదరాబాదులో ఉన్నది. ఆ కేంద్రం పక్షాన షాద్‌నగర్‌లోని పెద్ద పెద్ద యాంటెనాలు ఉపగ్రహాల సమాచారాన్ని అందుకొంటాయి. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుంచి ఇటువంటి సమాచారం ఆధారంగానే అడవి మంటల హెచ్చరికలను రాష్ట్రాల అటవీ శాఖలకు పంపుతున్నది. వాతావరణాన్ని పరిశీలించే ఇన్సాట్-3డీఆర్ 2016 సెప్టెంబరులోను, ఇన్సాట్-3డీఎస్ 2024 ఫిబ్రవరిలోను మన పొరుగున ఉన్న శ్రీహరికోట నుంచే ఎగిరాయి. ఇవి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున భూమితోపాటు తిరుగుతూ, ఒకే చోట నిలిచినట్లు ఉండి, అరగంటకొకసారి చిత్రాన్ని పంపుతాయి. ఒకటి దగ్గరగా వచ్చి సూక్ష్మంగా చూసి వెళ్లిపోతుంది. మరొకటి దూరాన నిలిచి ఎడతెగక చూస్తుంది. రెండూ కావాలి.

అయినా ఈ కన్నుకు పరిమితులు ఉన్నాయి. దట్టమైన మేఘం అడ్డువస్తే మంట కనిపించదు. రెండు ప్రయాణాల నడుమ పుట్టి ఆరిపోయిన మంట లెక్కకు రాదు. ఒక్కొక్కప్పుడు వేడెక్కిన బండరాయో, ఇటుక బట్టీయో మంటగా నమోదవుతుంది. అందువల్ల చుక్కను చూసి అటవీ సిబ్బంది వెళ్లి కంటితో నిర్ధారించుకొంటారు. యంత్రం చెప్పినదానిని సైతం విచారించవలసిందే.

పొగ వేరు, ధూళి వేరు

మంటను గుర్తించడం ఒక ఎత్తు. దాని పొగ ఎటు పోతున్నదో గుర్తించడం మరొక ఎత్తు. పై నుంచి చూసినప్పుడు పొగ నీలిబూడిద రంగు తెరలా ఉంటుంది. ఎడారి ధూళి గోధుమ వన్నెలో ఉంటుంది. పొగలోని కణాలు మిక్కిలి చిన్నవి. ధూళిలోని కణాలు చాలావరకు వాటికంటె పెద్దవి. ఈ భేదం వల్ల రెండూ కాంతిని వేరు వేరు రీతులలో చెదరగొడతాయి. కాని ఎడారి ఇసుక మీద అదే రంగు ధూళి లేస్తే మామూలు చిత్రంలో ఎట్లా గుర్తుపట్టడం? అప్పుడు పరారుణ కాంతులలో రెండింటిని పోల్చి, వాటి నడుమ ఉండే స్వల్ప భేదంతో ధూళిని వేరు చేస్తారు.

ఈ విద్యలో ఒక విచిత్రం జరిగింది. 1978లో ఓజోను పొరను కొలవడానికి నింబస్-7 అనే ఉపగ్రహంలో ఒక పరికరాన్ని పంపారు. అతినీలలోహిత కాంతిని కొలిచే ఆ పరికరం పొగను, ధూళిని కూడా, నేల మీదనైనా సముద్రం మీదనైనా, పట్టి చూపగలదని శాస్త్రవేత్తలు తరువాతి సంవత్సరాలలో కనుగొన్నారు. ఒకదానికోసం వెదికితే మరొకటి దొరికింది. అల్లాహ్ తన సృష్టిలో ఉంచిన గురుతులు వెదికేవారికి ఇట్లాగే దొరుకుతాయి.

ఇంకొక ముఖ్యమైన సంగతి. పై నుంచి చూసిన ఉపగ్రహానికి నేల నుంచి ఆకాశం వరకు ఉన్న పొగ అంతా ఒక్కటిగా కనిపిస్తుంది. అది మూడు కిలోమీటర్ల ఎత్తున పోతున్నదా, మన ముక్కు దగ్గర ఉన్నదా అనేది ఒక్క చిత్రంతో తెలియదు. దానికి లేజరు కాంతిని పైకి పంపి, అది కణాలకు తగిలి తిరిగి వచ్చే కాలాన్ని బట్టి ఎత్తును కొలిచే లైడార్ అనే పరికరం కావాలి. అటువంటి పరికరం ఎక్కడో లేదు. పాకాల దగ్గరి గాదంకిలోనే, జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాలలో, 1998లో జపాను సహకారంతో నెలకొల్పారు. ఆ దారిన ఎన్నిసార్లు బస్సులో పోయానో! లోపల మన తలమీది గాలిని పొరలు పొరలుగా కొలుస్తున్నారని చాలాకాలం తెలియదు. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో కూడా గాలిలోని కణాలను ఏళ్లుగా కొలుస్తున్న ప్రయోగశాల ఉన్నది. మన పిల్లలు ఈ చదువుల వైపు చూడాలన్నది నా కోరిక.

కువైట్ నుంచి వచ్చిన ఫోను

మన రాయలసీమ ఇళ్లలో గల్ఫులో ఒకరైనా లేని ఇల్లు అరుదు. మా మదర్సాలోని ఒక పిల్లవాడి తండ్రి కువైట్‌లో డ్రైవరు. 2022 మే నెలలో ఒకరోజు ఆయన ఫోను చేసి, “హజ్రత్, ఇక్కడ గుబార్. ఎదుట బండి కనిపించడం లేదు. దుఆ చేయండి” అన్నారు. ఆ నెలలో ఇరాకు మైదానాలలో లేచిన ధూళి కువైట్ విమానాశ్రయంలో రాకపోకలను తాత్కాలికంగా నిలిపివేసింది. ఇరాకులో ఊపిరాడక వేలమంది ఆసుపత్రులకు చేరారు. అనావృష్టి వల్ల ఎండిన నేలలు, వాయవ్య దిశ నుంచి వీచే షమాల్ అనే గాలి కలిసి ఆ దుమారాలను లేపుతాయి. ఉపగ్రహ చిత్రాలలో ఆ ధూళి మేఘం బయలుదేరిన చోటు, సాగిన దారి స్పష్టంగా కనిపించాయి. అటువంటి మేఘాన్ని ముందే గుర్తిస్తే విమానాలను ఆపవచ్చు, పాఠశాలలను మూయవచ్చు, ఉబ్బస రోగులను లోపల ఉంచవచ్చు.

అదే సంవత్సరం జనవరిలో పాకిస్తాను వైపు లేచిన ధూళి అరేబియా సముద్రాన్ని దాటి గుజరాత్‌ను, ముంబయిని కమ్మింది. మరుసటి సంవత్సరం, 2023 జూన్‌లో, కెనడా అడవుల పొగ న్యూయార్కు ఆకాశాన్ని నారింజ రంగుకు మార్చింది. న్యూజెర్సీలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు కిటికీలు మూసుకొని కూర్చొన్నాయి. ఆ యేడు కెనడాలో కాలిన అడవి సుమారు కోటిన్నర హెక్టార్లు. ఆ పొగకు పాసుపోర్టు లేదు, వీసా లేదు.

అట్లాగని గాలిని నిందించరాదు. ఒక వ్యక్తి గాలిని శపించగా దైవప్రవక్త (స) వారించారని, అది ఆజ్ఞకు బద్ధమైనదని చెప్పారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఆఫ్రికాలోని సహారా ఎడారి నుంచి ప్రతి సంవత్సరం కోట్ల టన్నుల ధూళి అట్లాంటిక్ సముద్రం మీదుగా పోతుంది. 2007 నుంచి 2013 వరకు ఉపగ్రహ లైడార్‌తో కొలిచి చూడగా, అందులో సుమారు 2 కోట్ల 77 లక్షల టన్నులు దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవి మీద పడుతున్నట్లు తేలింది. దానితోపాటు సుమారు 22,000 టన్నుల భాస్వరం ఆ నేలకు ఎరువుగా చేరుతున్నది. ఒక్క మొక్క మొలవని ఎడారి, ప్రపంచంలోకెల్లా పెద్ద వర్షారణ్యానికి అన్నం పెడుతున్నది. ‘ధూళిని ఎగరవేసే గాలుల’ పేరిట ఒక సూరాయే ఉన్నది. అజ్జారియాత్ అన్న ఆ మాటను పఠించినప్పుడల్లా ఇప్పుడు నాకు ఆ దారి కూడా గుర్తుకు వస్తుంది.

ఖుర్ఆన్‌లో గాలిని ఏకవచనంలో ‘రీహ్’ అన్నప్పుడు ఎక్కువగా శిక్ష సందర్భం, బహువచనంలో ‘రియాహ్’ అన్నప్పుడు కారుణ్య సందర్భం ఉంటుందని మన విద్వాంసులు గమనించారు. ఆద్ జాతివారు తమ లోయల వైపు వస్తున్న మేఘాన్ని చూసి వాన వస్తున్నదని సంబరపడ్డారు. వచ్చినది వాన కాదు. అందుకే ఆకాశంలో మేఘం కమ్మినప్పుడు దైవప్రవక్త (స) వదనంలో ఆందోళన కనిపించేదని, వాన కురిసిన తరువాతనే ఆయన కుదుటపడేవారని హజ్రత్ ఆయిషా (ర) తెలిపారు. ఆకాశాన్ని అజాగ్రత్తగా చూడరాదన్నది మనకు అందిన సున్నత్.

హిదాయాలోని ఒక మస్అలా

ఇప్పుడు మన పొలానికి వద్దాము. మన చిత్తూరు సీమలో చెరకు కొట్టిన తరువాత ఎండుటాకును పొలంలోనే కాల్చడం వాడుక. మామిడితోటల్లో రాలిన ఆకును కుప్పవేసి కాలుస్తారు. ‘నా పొలం, నా ఆకు, నా అగ్గిపుల్ల’ అనుకొంటారు.

మన మదర్సాలలో చదివే హిదాయా గ్రంథాన్ని 12వ శతాబ్దిలో ఇమామ్ బుర్హానుద్దీన్ మర్గీనానీ రచించారు. అందులో ఇజారా అధ్యాయం చివర సరిగ్గా ఇటువంటి మస్అలా ఉన్నది. ఒకడు తన సాగులోని నేలలో పంటకోత తరువాత మిగిలిన మోళ్లను తగులబెట్టాడు. మంట పక్కవాని నేలకు పాకి ఏదో కాలిపోయింది. అతడు పరిహారం చెల్లించాలా? నిప్పు పెట్టిననాడు గాలి నిశ్చలంగా ఉండి, తరువాత మారి ఉంటే అతనిపై పరిహారం లేదు. గాలి అప్పటికే అల్లకల్లోలంగా ఉంటే పరిహారం ఉన్నది. మంట తన నేలలో నిలవదని వెలిగించినవానికి తెలుసు కనుక.

ఆ చివరి కారణాన్ని ఒకసారి ఆలోచించండి. తీర్పు అంతా ‘తెలుసు కనుక’ అన్నదాని మీద నిలిచి ఉన్నది. మంట గురించి ఆనాటి రైతుకు తెలిసినంత, పొగ గురించి ఈనాడు మనకు తెలుసు. పొగ మన గట్టు దగ్గర ఆగదని వందల కిలోమీటర్ల దారిని చిత్రంలో చూపిస్తున్నారు. నేను ఫత్వా చెప్పడం లేదు. అది ముఫ్తీల పని. కాని ‘నాకు తెలియదు’ అన్న సాకు మన చేతిలో నుంచి జారిపోయిందని మాత్రం చెప్పక తప్పదు. హాని చేయరాదు, హానికి ప్రతిహాని చేయరాదు అన్న ప్రవక్త (స) సూత్రాన్ని ఫిఖహ్ విద్వాంసులు ఒక పునాదిరాయిగా నిలిపారు. పొగ అనేది కంటికి కనిపించే హాని.

దాని హాని ఎంత? పొగలోని సూక్ష్మ కణాలలో 2.5 మైక్రాన్ల కంటె చిన్నవి మన తలవెంట్రుక మందంలో ఇరవైయ్యవ వంతు కూడా ఉండవు. అవి ముక్కు వెంట్రుకలకు చిక్కక ఊపిరితిత్తుల లోతుకు, అక్కడినుంచి రక్తంలోకి పోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకం ప్రకారం ఒక ఘనమీటరు గాలిలో అవి రోజు సగటున 15 మైక్రోగ్రాములకు మించరాదు. మన దేశపు ప్రమాణం 60. గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోలేని పట్టణాలకోసం 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో మన చిత్తూరు కూడా ఉన్నది. ఊరి గాలి మంచిదే అన్న ధీమా ఇక చాలించవలసిందే.

ఓడ కింది అంతస్తు

సహీహ్ బుఖారీలోని ఓడ దృష్టాంతం మీకు తెలిసిందే. ఒకే ఓడలో కొందరు పై అంతస్తులో, కొందరు కింది అంతస్తులో ఉన్నారు. కిందివారు నీళ్లకోసం పైకి పోవలసి వస్తున్నందున, పైవారిని ఇబ్బంది పెట్టకుండా తమ భాగంలోనే రంధ్రం చేసుకొందామనుకొన్నారు. వారిని వారి ఇష్టానికి వదిలివేస్తే అందరూ మునుగుతారు. వారి చేయి పట్టుకొంటే అందరూ బతుకుతారు. వారి ఉద్దేశం చెడ్డది కాదు. ‘మా భాగంలోనే గదా’ అన్నది వారి వాదం. మన గాలి కూడా అటువంటి ఓడయే. ఇందులో ముస్లిం గాలి, హిందూ గాలి అని అంతస్తులు లేవు. 2014 మార్చిలో తిరుమల శేషాచలం అడవులు తగులబడినప్పుడు వాయుసేన హెలికాప్టర్లు నీళ్లు చల్లవలసి వచ్చింది. ఆ అడవి ఎర్రచందనానికి పుట్టినిల్లు. అందులో కాలిన చెట్టు ఎవరికి పరాయి?

కొండ కాలితే కాలేది గడ్డి మాత్రమే కాదు. ప్రయాణంలో సహచరులు ఒక చీమలపుట్టను కాల్చినప్పుడు, నిప్పుతో శిక్షించే అధికారం నిప్పుకు ప్రభువైనవానిదే అని దైవప్రవక్త (స) అన్నారని అబూదావూద్ ఉల్లేఖనం. ఒక చీమలపుట్టకే ఆ మాట అయితే, గూళ్లు, పొదలు, గుడ్లు, పిల్లలతో ఉన్న ఒక కొండకు ఏమి చెప్పగలము? మదీనాలో ఒక ఇల్లు రాత్రివేళ కాలిపోయినప్పుడు, నిప్పు మీకు శత్రువు, పడుకొనే ముందు దానిని ఆర్పివేయండి అని కూడా ఆయన ఉపదేశించారు. రాత్రి ఆర్పకుండా వదిలిన పొలంగట్టు మంటకు కూడా ఆ ఉపదేశం వర్తిస్తుందని నా విశ్వాసం.

మన చేతిలో ఉన్నది

పండుగ తరువాత వచ్చిన మొదటి జుమా నమాజు కాగానే నేను లేచి నిలబడ్డాను. చుక్కల సంగతి చెప్పాను. నేనన్న మాటను ఉపసంహరించుకొంటున్నానని, ఆ కుర్రవానికి, అతని తల్లికి క్షమాపణ చెబుతున్నానని అన్నాను. నిప్పు ఎవరు పెట్టారో మనకు తెలియదని, తెలియనిదానికి పేరు పెట్టవద్దని కోరాను. ముగ్గురు యజమానులలో ఇద్దరు తమ గొర్రెలను అతనికి మరల అప్పగించారు. మూడవవారు అప్పగించలేదు. మాట కూడా పొగవంటిదే. నిప్పు ఆరిన తరువాత కూడా అది కొంతకాలం ఉంటుంది.

ఆ సాయంత్రం ఒక చిన్న విద్యార్థి నా దగ్గరకు వచ్చి, “హజ్రత్, గురువారం మనం కాల్చే ఆకు కూడా ఆ ఫోనులో కనిపిస్తుందా?” అని అడిగాడు. మదర్సా ఆవరణలో వేపాకు, కానుగాకు ఊడ్చి ప్రతి గురువారం కుప్పకు నిప్పు పెట్టడం మా అలవాటు. ఆ పిల్లవాడు ఉబ్బసంతో బాధపడేవాడు. గురువారం రాత్రి అతనికి దగ్గు ఎక్కువ కావడాన్ని నేను అంతవరకు చలిగాలికి ముడిపెట్టాను. అంత చిన్న మంట ఉపగ్రహానికి కనిపించదు. కాని ఆ పిల్లవానికి కనిపించింది. అల్లాహ్‌కు కనిపించదా? మరుసటి రోజే పెరటిలో గుంట తవ్వించాము. ఇప్పుడు ఆకు అందులో పడి, పేడతో కలిసి, ఆరునెలలకు ఎరువవుతున్నది. దానిమ్మ మొక్కలకు అదే వేస్తున్నాము.

ఇంటింటా చేయదగినవి కొన్ని చెప్పి ముగిస్తాను. చెరకు ఆకును కాల్చక సాళ్ల నడుమ పరిస్తే నేలలో తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. ఫిబ్రవరి నుంచి మే వరకు కొండ దగ్గర బీడీ ముక్క పారవేయడం, వంటకు నిప్పు చేయడం మానాలి. రిజర్వు అడవికి నిప్పు పెట్టడం 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం ప్రకారం నేరం కూడా. మంట చూస్తే 101కు గాని 112కు గాని ఫోను చేయాలి. భారత అటవీ సర్వేక్షణ సంస్థ అడవి మంటల హెచ్చరికలను ఫోనుకు సందేశంగా ఉచితంగా పంపుతుంది. చదువుకొన్న పిల్లలు తమ ప్రాంతానికి నమోదు చేసుకొని పెద్దలకు తెలపవచ్చు. పొగ కమ్మిన రోజున వృద్ధులను, గర్భవతులను, పసిపిల్లలను లోపల ఉంచాలి. బయటికి పోక తప్పనివారు ఎన్95 మాస్కు ధరించాలి. తడిగుడ్డ ధూళిని కొంత ఆపుతుంది గాని సన్నని పొగను ఆపదు. ఉబ్బసం ఉన్నవారి మందు చేతికి అందేచోట ఉండాలి.

ఇక చివరిది. ఏదైనా కొండ తగులబడుతున్న వీడియో మీ ఫోనుకు వస్తే, దాని కింద ఒక వర్గం పేరో, ఒక మనిషి పేరో రాసి ఉంటే, ముందుకు పంపకండి. ఆ వీడియో ఎప్పటిదో, ఎక్కడిదో విచారించండి. విచారించడానికి సాధనం లేకుంటే ఆగిపోండి. ఆగిపోవడానికి ఏ ఉపగ్రహమూ అక్కరలేదు.

ఓ అల్లాహ్! నీవు పంపే గాలిలోని మేలును మాకు ప్రసాదించు, దానిలోని కీడు నుంచి మమ్ము కాపాడు. మా చేతుల నుంచి, మా నాలుకల నుంచి ఇతరులకు హాని కలుగకుండా రక్షించు. ఆమీన్.